పందెం యాప్‌లకు తలుపు మూసే పద్ధతి ఒకటి ఉంది

సంపాదకులకు,

బెట్టింగ్ యాప్‌లలో డబ్బు పోగొట్టుకున్న కుర్రాళ్ల వార్తలు జిల్లా పేజీల్లో తరచూ చూస్తున్నాం. ఎంత పోయింది, ఎక్కడెక్కడ అప్పు చేశాడు, తండ్రి ఎన్ని ఎకరాలు అమ్మాడు, అన్నీ రాస్తున్నారు. అదే అలవాటులో ఉండి ఆ వార్త చదివేవాడు ఆ రాత్రే ఏం చేయవచ్చన్నది మాత్రం ఎక్కడా కనపడదు. చదువు కోసం బ్రిటన్ వచ్చిన మన పిల్లల వరకైతే చేయగలిగిన పని ఒకటి ఖాయంగా ఉంది. దేశంలోని ఆన్‌లైన్ జూదం కంపెనీలన్నిటికీ ఒకేసారి ‘నన్ను లోపలికి రానివ్వకండి’ అని రాసిచ్చే పద్ధతి. సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ అంటారు, స్వీయ నిషేధం అనుకుందాం. దీని గురించి వివరంగా రాస్తున్నాం, కాస్త పొడవైతే మన్నించండి.

మన ఇళ్లలో ఇలాంటి సంగతి బయటపడగానే మొదట జరిగేది ఒట్టు వేయించుకోవడం. అమ్మ తల మీద చెయ్యి పెట్టిస్తారు, వెంకన్న మీద ప్రమాణం చేయిస్తారు. ఆ నిమిషంలో వాడు అబద్ధమేమీ ఆడడు, నిజంగానే మానేద్దామనుకుంటాడు. చిక్కేమిటంటే ఆ ఒట్టును ప్రతి రాత్రీ కొత్తగా నిలబెట్టుకోవాలి. ఫోను దిండు పక్కనే ఉంటుంది, ‘పోయింది రాబట్టుకుని ఆపేస్తా’ అన్న ఆలోచన రెండు గంటలకు వస్తుంది. రిజిస్ట్రేషన్ అలా కాదు. మనసు బాగున్న ఒక్క గంటలో చేసిన పని, మనసు బాగోలేని రాత్రులన్నిటికీ అడ్డంగా నిలుస్తుంది.

బ్రిటన్‌లో ఆన్‌లైన్ జూదానికి ఈ పని చేసే సంస్థ పేరు గ్యామ్‌స్టాప్. 2018లో మొదలైంది. మొదట్లో కంపెనీలు ఇష్టముంటే చేరేవి. 2020 మార్చి 31 నుంచి జూదాన్ని నియంత్రించే అక్కడి ప్రభుత్వ సంస్థ గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్సు ఉన్న ప్రతి ఆన్‌లైన్ కంపెనీ చేరి తీరాలి. నమోదుకు పైసా తీసుకోరు. 6 నెలలు, ఏడాది, 5 ఏళ్లు అని గడువులుంటాయి, మనకు కావలసినది ఎంచుకోవాలి. నమోదైన 24 గంటల్లోపు అమల్లోకి వస్తుంది. ఒకసారి పెట్టుకున్నాక గడువు తీరేదాకా రద్దు చేయరు. ఏడ్చినా, బతిమాలినా, ‘పొరపాటున నొక్కాను’ అన్నా చేయరు. గడువు తీరినా నిషేధం దానంతటది తొలగిపోదు. మనమే అడిగి తీయించుకోవాలి, అడిగాక కూడా మరో 24 గంటలు ఆగాలి. అడగకుండా ఊరుకుంటే ఇంకో ఏడేళ్ల దాకా అలాగే ఉంటుంది. ఇలా పెట్టిన వాళ్లెవరోగానీ జూదగాడి మనసు బాగా తెలిసినవాళ్లు.

గడువు విషయంలో మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు 6 నెలలతో సరిపెట్టుకోవడం. క్యాలెండరు ముందు పెట్టుకుని చూడండి. సెప్టెంబరులో కోర్సు మొదలవుతుంది, అక్టోబరుకల్లా చేతులు కాలి నమోదు చేసుకుంటాడు. ఆరు నెలలు ఎప్పటికి తీరతాయి? ఏప్రిల్‌కి, అంటే సరిగ్గా ఐపీఎల్ నడిమధ్యకి. ఏడాది పెట్టుకున్నా కోర్సు చివరి పెద్ద వ్యాసం, అదే డిసర్టేషన్, ఇచ్చేసి ఉద్యోగం వేటలో చేతులు ఖాళీగా ఉన్న రోజుల్లోనే తీరుతుంది. క్రికెట్ మీద పందేలు కాసేవాడికి 5 ఏళ్లు తప్ప ఇంకోటి మేం చెప్పం.

ఇక అసలు సంగతి. ఈ తాళం మనం ఇచ్చే వివరాల మీదే పడుతుంది. వివరాలు వంకరగా ఇస్తే తాళం పడినట్టే కనిపిస్తుంది, తలుపు మాత్రం తెరుచుకుంటుంది. మనం ఏదైనా బెట్టింగ్ సైటులో ఖాతా తెరిచినా, ఉన్న ఖాతాలోకి లాగిన్ అయినా ఆ కంపెనీ సర్వరు మన పేరు, పుట్టిన తేదీ, ఈమెయిలు, ఫోను నంబరు, పోస్ట్‌కోడు గ్యామ్‌స్టాప్‌కు పంపి ‘ఈ మనిషి మీ జాబితాలో ఉన్నాడా’ అని అడుగుతుంది. ఇక్కడ మనిషిని గుర్తుపట్టేవాళ్లెవరూ ఉండరు. అక్షరాలూ అంకెలూ కలిశాయా లేదా, అంతే.

మన పేర్లు ఈ పోలికకు పెద్ద పరీక్ష. ఇంటిపేరు ముందు రాయాలా వెనకా అన్న గొడవ పదో తరగతి సర్టిఫికెట్‌తోనే మొదలవుతుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు, గివెన్ నేమ్ గడిలో ‘వెంకట సాయి కుమార్’ అని ఉందనుకోండి. బ్యాంకు ఖాతా సాయి కుమార్ పేరు మీద ఉంటుంది. బెట్టింగ్ సైటులో ఉత్త ‘సాయి’ అని కొట్టి ఇంటిపేరు తగిలించి ఉంటాడు. కొందరి పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడి ఖాళీ, మొత్తం పేరంతా గివెన్ నేమ్‌లోనే. ఇంకొందరికి ఇంటిపేరు ఒక అక్షరంగానే మిగిలిపోయింది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ అయితే చెప్పక్కర్లేదు, ‘లక్ష్మి’ చివర ఐ పెట్టేవాళ్లూ ఉన్నారు, వై పెట్టేవాళ్లూ ఉన్నారు. నమోదు చేసేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్న పేరే ఇవ్వాలి. ఆ తర్వాత, ఇప్పటిదాకా తెరిచిన బెట్టింగ్ ఖాతాలు ఒక్కొక్కటీ తీసి అందులో పేరు వేరుగా ఉందేమో చూసి, ఆ పాత రూపం గురించి గ్యామ్‌స్టాప్ వాళ్లకు చెప్పాలి, ఆ కంపెనీకి కూడా విడిగా రాయాలి. విసుగు పుట్టే పనే. ఒక సాయంత్రం పడుతుంది.

పుట్టిన తేదీ దగ్గర ఇంకో తంటా. మనలో చాలామందికి రెండు పుట్టినరోజులు. ఇంట్లో కేకు కోసేది ఒకరోజు, బడిలో వేయించింది ఇంకోరోజు. సరదాగా తెరిచిన ఖాతాలో ఇంటి తేదీ వేసి ఉంటే, పాస్‌పోర్టు తేదీతో చేసిన నమోదు దాన్ని పట్టకపోవచ్చు. పైగా అక్కడ రోజు ముందు, నెల తర్వాత రాస్తారు. అమెరికా పద్ధతి అలవాటైన చేతులు ఏడో తారీఖు ఎనిమిదో నెలను ఎనిమిదో తారీఖు ఏడో నెలగా కొట్టేస్తాయి.

చిరునామా, ఫోను, ఈమెయిలు. విద్యార్థి దిగగానే వారం రోజులు తెలిసినవాళ్లింట్లో, తర్వాత ఆరుగురు కలిసి ఉండే ఇంట్లో, ఏడాది తిరగ్గానే ఉద్యోగం దొరికిన ఊళ్లో. విమానాశ్రయంలో ఇచ్చిన ఉచిత సిమ్ ఒకటి, ఆఫరు ఉందని తీసుకున్నది ఇంకోటి. ఈమెయిళ్లు కాలేజీది, సొంతది, ఇంజనీరింగ్‌లో ఉండగా తెరిచిన పాతది. ఫారంలో ఒకటి కంటే ఎక్కువ ఈమెయిళ్లూ ఫోన్లూ పాత చిరునామాలూ ఇచ్చే వీలుంది. ఉన్నవన్నీ ఇవ్వాలి. ఇల్లు మారినా సిమ్ మారినా గ్యామ్‌స్టాప్ ఖాతాలోకి వెళ్లి మార్చాలి. గ్యాస్ బిల్లు పేరు మార్చుకోవడం గుర్తుంటుంది, ఇది గుర్తుండదు. నిషేధం ఉండి కూడా మళ్లీ ఖాతా తెరవగలిగానని చెప్పేవాళ్ల కథ విప్పి చూస్తే చాలాసార్లు బయటపడేది కొత్త ఫోను నంబరు, కొత్త పోస్ట్‌కోడు.

నమోదులో గుర్తింపు తనిఖీ ఉంటుంది. కొత్తగా వచ్చిన విద్యార్థికి ఆ దేశంలో క్రెడిట్ చరిత్ర ఉండదు కాబట్టి కంప్యూటరు ఒక్కోసారి ఆనవాలు పట్టలేక పత్రాలు అడుగుతుంది. అక్కడే చాలామంది ‘రేపు చూద్దాంలే’ అని మూసేస్తారు. పాస్‌పోర్టు ఫోటో, చిరునామా కనిపించే బ్యాంకు స్టేట్‌మెంటు ముందే ఫోనులో పెట్టుకుని కూర్చుంటే ఆ రేపు రాదు. మాటల్లో మాట, కామన్‌వెల్త్ పౌరుడిగా భారతీయ విద్యార్థి బ్రిటన్‌లో ఓటరుగా పేరు రాయించుకోవచ్చు. చాలామందికి తెలియదు. ఓటర్ల జాబితాలో పేరుంటే ఇలాంటి తనిఖీలు తేలికవుతాయి.

పేరు రాయించుకుంటే క్రెడిట్ స్కోరు పడిపోతుందేమోనని భయపడేవాళ్లున్నారు. పడదు. అప్పిచ్చేవాళ్లు చూసేది బ్యాంకు స్టేట్‌మెంటులో బెట్టింగ్ కంపెనీల పేర్లు వరసగా కనిపించడాన్ని. ఖాతాల్లో మిగిలిన డబ్బు పోతుందన్న అనుమానమూ ఉంటుంది. లైసెన్సు ఉన్న కంపెనీ ఖాతా మూసి నిల్వ తిరిగి ఇవ్వాలి, ప్రచార మెసేజులు ఆపాలి. వాళ్లంతట వాళ్లు పంపకపోతే కస్టమర్ సర్వీసుకు రాసి అడగాలి. చాటింగ్‌లో కాకుండా ఈమెయిలులో అడిగితే రుజువు మిగులుతుంది.

ఇంతా చేసి గ్యామ్‌స్టాప్ ఆపేది ఆన్‌లైన్‌ను, అదీ బ్రిటిష్ లైసెన్సు ఉన్నవాటిని. వీధిలో ఉన్న బెట్టింగ్ షాపులకు మోజెస్ అని వేరే పథకం. ఫోను చేసి, ఫోటో ఇచ్చి, ఏ ప్రాంతంలోని షాపుల్లోకి రానివ్వకూడదో చెప్పాలి. ఇంటి పోస్ట్‌కోడు ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే పార్ట్‌టైము చేసే చోట, బస్సు మారే చోట ఉన్న షాపులు తెరిచే ఉంటాయి. ఇది ఫోటో చూసి మనిషిని గుర్తుపట్టాల్సిన పని కాబట్టి షాపులో సిబ్బంది మారినప్పుడల్లా కాస్త వదులవుతుంది. క్యాసినోలకు సెన్స్ అని ఇంకో పథకం ఉంది, అది గ్రేట్ బ్రిటన్‌లోని క్యాసినోలన్నిటికీ వర్తిస్తుంది. బింగో హాళ్లకు, జూదం మిషన్లు పెట్టిన దుకాణాలకు మళ్లీ వేరే. ఒకచోట పేరు రాస్తే అన్నిచోట్లా రాసినట్టు కాదు. లాటరీ, స్క్రాచ్ కార్డు కిరాణా కొట్టులో కొంటే వీటిలో ఏదీ ఆపదు.

నిషేధానికి పక్కన రెండో గడియ బ్యాంకు దగ్గర ఉంది. కార్డు చెల్లింపులన్నిటికీ వ్యాపారాన్ని బట్టి ఒక నాలుగంకెల కోడు ఉంటుంది, జూదానిది 7995. బ్యాంకు యాప్‌లో ‘గ్యాంబ్లింగ్ బ్లాక్’ మీట నొక్కితే ఆ కోడుతో వచ్చిన చెల్లింపును బ్యాంకే తిప్పి కొడుతుంది. మోంజో బ్యాంకు 2018లో ఇది పెట్టింది, ఇప్పుడు పెద్ద బ్యాంకులన్నిటిలోనూ ఉంది. మీట వేయడం క్షణం. తీయాలంటే మాత్రం ఆగాలి, చాలా బ్యాంకుల్లో 48 గంటలో 72 గంటలో. ఎంతసేపు ఆపుతుందో చూసుకుని, ఎక్కువ ఆపే బ్యాంకులోకి జీతం మార్చుకోవడం మంచిది. క్రెడిట్ కార్డుతో జూదం ఆడటాన్ని 2020 ఏప్రిల్ 14 నుంచి గ్రేట్ బ్రిటన్‌లో నిషేధించారు కాబట్టి మిగిలింది డెబిట్ కార్డే. దీనికీ చిల్లులున్నాయి. బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపే డబ్బుకు ఆ కోడు ఉండదు. ఏటీఎంలో తీసిన నోటుకు ఉండదు. క్రిప్టో ఎక్స్ఛేంజికి పంపి అక్కణ్నుంచి సైటుకు పంపితే కనపడదు. లైసెన్సు లేని సైట్లు బట్టలకొట్టు కోడో ఇంకేదో పెట్టుకుని వస్తాయి.

మూడోది ఫోనులో, ల్యాప్‌టాప్‌లో వేసుకునే అడ్డుగోడ. గ్యామ్‌బాన్ అని ఒకటి, బ్రిటన్‌లో జూదం బాధితులకు సాయం చేసే గ్యామ్‌కేర్ హెల్ప్‌లైన్ ద్వారా ఉచితంగా ఇస్తారు. బెట్‌బ్లాకర్ ఒక చారిటీ నడుపుతోంది, ఎక్కడున్నవాళ్లకైనా ఉచితమే, మన దేశంలోనూ వాడుకోవచ్చు. జాబితాలో ఉన్న వేల సైట్లను ఇవి తెరవనివ్వవు, లైసెన్సు లేనివి కూడా చాలా వరకు. గ్యామ్‌స్టాప్ చేయలేని పని ఇదే, కాబట్టి రెండూ ఉండాలి. వేసేటప్పుడు ఫోను అడిగే అనుమతులన్నీ ఇవ్వాలి, ఒకటి వదిలేసినా పని సగమే. ఐఫోనులో ఆ యాప్‌ను తీసేయకుండా ఆపే స్క్రీన్ టైమ్ పాస్‌కోడు గదిలో ఉండే ఇంకొకరి చేత పెట్టించాలి. ఇక అందరూ మరిచేది పాత ఫోను. అద్దం పగిలిందని సూట్‌కేసు అడుగున పడేసిన ఆ ఫోను వైఫై ఉంటే చాలు, బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

ఈ మూడూ వేసుకున్నవాడిని పట్టుకునేందుకే కొందరు కాచుక్కూర్చుంటారు. ‘గ్యామ్‌స్టాప్‌లో లేని సైట్లు’ అని వెతికితే వరసగా జాబితాలు దొరుకుతాయి. ఆ మాట వెతికేది ఎవరు? తన మీద తాను నిషేధం పెట్టుకున్నవాడే. అలా వల వేసే సైట్లకు బ్రిటిష్ లైసెన్సు ఉండదు. డబ్బు వేసేటప్పుడు క్షణంలో వేయనిస్తాయి, తీసేటప్పుడు ఆధార్ పంపు, సెల్ఫీ పంపు, ఇంకో యాభై పౌండ్లు కడితే రిలీజు చేస్తాం అంటాయి. ఫిర్యాదు చేయడానికి కమిషన్ గడప ఎక్కే హక్కే ఉండదు. ఒక సైటుకు లైసెన్సు ఉందో లేదో తెలియాలంటే పేజీ అడుగున నంబరు చూసి సరిపెట్టుకోకూడదు, కమిషన్ వెబ్‌సైటులోని రిజిస్టరులో ఆ నంబరు కొట్టి చూడాలి.

స్నేహితుడి పేరు మీద ఆడటాన్ని ఏ పథకమూ పట్టుకోలేదు. అందుకని ఇంట్లో ఉండే మిగతా ఐదుగురికి సంగతి చెప్పాల్సిందే. సిగ్గనిపిస్తుంది, నిజమే. కానీ ‘నీ ఖాతాలో ఒక్క మ్యాచ్’ అని అడిగితే కాదనాల్సిన వాళ్లు వాళ్లే. పైగా వేరేవాళ్ల పేరు మీద ఆడితే గెలిచిన డబ్బు కంపెనీ ఆపేయవచ్చు.

రెండు పౌండ్లే కదా అనేవాళ్ల కోసం ఒక లెక్క. బటను నొక్కి బొమ్మల చక్రాలు తిప్పే ఆన్‌లైన్ స్లాట్ ఆటల్లో 18 నుంచి 24 ఏళ్ల వాళ్లకు ఒక తిప్పుకు 2 పౌండ్లు మించకూడదని 2025 మే 21 నుంచి నియమం పెట్టారు, పెద్దవాళ్లకు 5 పౌండ్లు. తిప్పుకూ తిప్పుకూ మధ్య కనీసం రెండున్నర సెకన్లు ఉండాలి. అంటే నిమిషానికి 24 తిప్పులు, 48 పౌండ్ల పందెం. అన్నీ పోవు, కొన్ని వస్తాయి, వచ్చినవి మళ్లీ అందులోకే వెళతాయి. ఫీజు రెండో వాయిదా డబ్బు ఖాతాలో పడి ఉన్న నెలలో ఒక్క రాత్రి చాలు.

తల్లిదండ్రులకు చెప్పాల్సింది ఇక్కడే. కొడుకు తరఫున విజయవాడ నుంచో వరంగల్ నుంచో మీరు గ్యామ్‌స్టాప్‌లో నమోదు చేయలేరు, ఎవరి పేరు వాళ్లే రాయించుకోవాలి. మీ చేతిలో ఉన్నది డబ్బు దారి. ఫీజు వాడి ఖాతాలో వేయకండి, యూనివర్సిటీ పోర్టల్‌లో మీరే నేరుగా కట్టండి. గది అద్దె ఇంటి యజమానికి నేరుగా పంపండి. వాడి చేతికి వారానికి సరిపడా ఇవ్వండి. అప్పంతా ఒకేసారి తీర్చేసి ‘ఇక జాగ్రత్త’ అంటే వాడికి అందులో వినిపించేది మళ్లీ అప్పు పుడుతుందన్న మాటే. తీర్చాలనుకుంటే ఎవరికి ఎంతో కాగితం మీద రాయించి, నిషేధం నమోదైనట్టు వచ్చిన ఈమెయిలు చూశాక, ఒక్కొక్కరికీ మీరే పంపండి. నిలదీసే ముందు ఒక్కటి చూసుకోండి, మాటల్లో చావు ప్రస్తావన వస్తే లెక్కలన్నీ పక్కన పెట్టి ముందు మనిషిని పట్టుకోవాలి.

కుటుంబానికి ఇంతకంటే ఎక్కువ అధికారం ఇచ్చిన దేశం సింగపూర్. అక్కడ సొంతంగా నిషేధం పెట్టుకోవడమే కాక, భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, తోడబుట్టినవాళ్లు అర్జీ పెడితే విచారించి కుటుంబ నిషేధం విధించే ఏర్పాటు ఉంది. దివాలా తీసినవాళ్లను ఎవరూ అర్జీ పెట్టకుండానే క్యాసినోలోకి రానివ్వరు. ఆస్ట్రేలియాలో 2023 ఆగస్టు 21న బెట్‌స్టాప్ వచ్చింది. కనీసం 3 నెలల నుంచి జీవితాంతం దాకా పెట్టుకోవచ్చు, అయితే ఆన్‌లైన్, ఫోను పందేలకే. క్లబ్బుల్లో ఉండే జూదం మిషన్లకు, అక్కడ పోకీలంటారు, అది పట్టదు. అమెరికాలో దేశమంతటికీ ఒక జాబితా లేదు. 1996లో మిస్సోరి మొదలుపెట్టింది, తర్వాత రాష్ట్రానికొకటి వచ్చింది. న్యూజెర్సీలో పేరు రాయించుకున్నవాడికి పెన్సిల్వేనియాలో అడ్డేమీ లేదు. డాలస్ మనవాళ్లు సరిహద్దు దాటి వెళ్లే ఓక్లహామా క్యాసినోలు అక్కడి ఆదివాసీ తెగలవి, వాటికి వాటి జాబితాలే. అమెరికా జాబితాల్లో ఒక ముల్లు ఉంది. పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాల్లో పేరు రాయించుకుని కూడా క్యాసినోలో అడుగుపెడితే అక్రమ ప్రవేశం కింద కేసు పెడతారు, గెలిచిందీ లాక్కుంటారు. వీసా మీద ఉన్నవాడికి ఆ కేసు ఎంత దూరం పోతుందో చెప్పక్కర్లేదు. అలాగని పేరు రాయించుకోవద్దని కాదు, సంతకం చేసే ముందు ఆ పేరా చదవమని.

మరి మన దగ్గర? తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదంతో కేంద్ర చట్టమే వచ్చింది. ఆడించేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడేవాడిని ఆ చట్టం శిక్షించదు. నిషేధం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. స్వీయ నిషేధం కోణంలో చూస్తే మాత్రం ఒక చిక్కుంది. గ్యామ్‌స్టాప్ పనిచేసేది లైసెన్సు పోతుందన్న భయంతో కంపెనీలు మాట వింటాయి కాబట్టి. లైసెన్సే లేనిచోట ఎవరు వింటారు? వాట్సాప్‌లో ‘ఐడీ’, అంటే పందెం ఖాతా, ఇచ్చే ఏజెంటుకు ‘నా ఐడీ మూసెయ్’ అంటే మూసేస్తాడు, ఐపీఎల్ మొదటి మ్యాచ్ నాడు బోనస్‌తో కొత్త ఐడీ పంపుతాడు.

కాబట్టి ఊళ్లో ఉన్నవాడు మిగతా రెండు గడియల మీదే ఆధారపడాలి. బెట్‌బ్లాకర్ వేసుకోవడం. నంబరు మార్చి, ఏజెంట్లున్న టెలిగ్రామ్, వాట్సాప్ ఖాతాలు వదిలేయడం. బ్యాంకు యాప్‌లో కార్డుకు విదేశీ లావాదేవీలు ఆపేయడం, 2020 నాటి ఆర్‌బీఐ ఆదేశం వల్ల ఈ మీట ప్రతి బ్యాంకులోనూ ఉంది. యూపీఐ దగ్గరే అసలు కారుతుంది, ఎందుకంటే డబ్బు వెళ్లేది కంపెనీ పేరు మీద కాదు, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఖాతాకు, అది కూడా రోజుకొకటి మారుతుంది. జీతం పడే ఖాతాకు యూపీఐ తీసేసి, వారం ఖర్చు మాత్రం ఉండే చిన్న ఖాతాకు పెట్టుకుంటే కారేది ఆ వారం డబ్బే. గెలిచిన డబ్బు గురించి కూడా తెలుసుకోవాలి. అది వచ్చేదీ అలాంటి అద్దె ఖాతాల నుంచే. సైబర్ నేరం కేసులో ఆ ఖాతా ఇరుక్కుంటే, దాన్నుంచి మీకు వచ్చిన రెండు వేలకు మీ జీతం ఖాతా ఫ్రీజ్ అవుతుంది. మీ ఖాతానే అద్దెకు అడిగితే ఇవ్వకండి, అప్పుడు మీరు బాధితులు కాదు, నిందితులు. ‘పోయిన డబ్బు రాబట్టిపెడతాం, ముందు ఫీజు కట్టండి’ అనేవాళ్లు రెండో దొంగలు.

మీకు మా విన్నపం చిన్నది. ఇలాంటి వార్త వేసిన ప్రతిసారీ పక్కన నాలుగు వరుసల పెట్టె ఒకటి కట్టండి. మన దేశంలో మానసిక సాయానికి టెలీ మానస్ 14416. మోసపోతే సైబర్ ఫిర్యాదుకు 1930. బ్రిటన్‌లో జూదం హెల్ప్‌లైన్ 0808 8020 133, రాత్రీ పగలూ ఎత్తుతారు, ఉచితం. చావు ఆలోచన వస్తే అక్కడి సమారిటన్స్ హెల్ప్‌లైన్ 116 123. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వాళ్లు జూదం అలవాటుకు చికిత్స చేసే క్లినిక్‌లు కూడా ఉన్నాయి, అక్కడ మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు. విద్యార్థి వీసాతో పాటు ఏడాదికి 776 పౌండ్లు ఆరోగ్య సర్‌ఛార్జి ముందే కట్టించుకున్నారు.

పిల్లల్ని పంపే కన్సల్టెన్సీలకూ ఒక మాట. సిమ్ ఎక్కడ కొనాలో, బ్యాంకు ఖాతా ఎలా తెరవాలో, బియ్యం కుక్కరు తీసుకెళ్లాలో వద్దో చెబుతున్నారు. ఖాతా తెరిచిన రోజే, ఇంకా ఏ అలవాటూ లేనప్పుడే, ఆ యాప్‌లో గ్యాంబ్లింగ్ బ్లాక్ మీట ఎక్కడుందో కూడా చూపించండి. చాలా యాప్‌లలో అది కార్డు సెట్టింగుల కిందే ఉంటుంది.

ఇట్లు,
బ్రిటన్‌లోని కొందరు తెలుగు పాఠకులు